సేవకు రండి, కాని ఊరిని అడిగి రండి

సార్వా కోతలు ముగిసి, సంక్రాంతి సందడి సద్దుమణిగిన తరువాత కాలేజి విద్యార్థులు మన పల్లెలకు రావడం ఏటా చూస్తున్నదే. హైస్కూలు గదుల్లోనో, రామాలయం అరుగు మీదనో, చర్చి ఆవరణలోనో వారికి బస. తెల్లవారగానే ఊరేగింపు, ఆపైన పలుగూ పారా పట్టి శ్రమదానం, మధ్యాహ్నం ఇంటింటి సర్వే, సాయంత్రం సభ, రాత్రి పాటలు, నాటికలు. ఏడో రోజున ముగింపు సభ జరుగుతుంది. పెద్దలకు దండలు పడతాయి. పిల్లలు బస్సెక్కి చేతులు ఊపుతారు. ఎనిమిదో రోజున మురుగుకాలవలో మళ్లీ చెత్త చేరుతుంది.

ఇందులో పిల్లల తప్పు ఏమీ లేదు. పట్నంలో పుట్టి పెరిగిన పిల్లవాడు ఎండలో గమేళా మోస్తున్నాడంటే సంతోషించవలసిందే. ఊళ్లో ఆడవాళ్లు వాళ్లను కన్నబిడ్డల్లాగే చూసి అన్నం పెడుతున్నారు. అయితే ఇంత శ్రమ పడిన తరువాత ఊరికి మిగిలేదేమిటి, ఆ పిల్లలకు బోధపడేదేమిటి అన్న ప్రశ్న అటు కాలేజీలూ అడగడం లేదు, ఇటు పంచాయతీలూ అడగడం లేదు. అడగవలసిన అవసరం ఉన్నదని చెప్పడమే ఈ నాలుగు మాటల ఉద్దేశం.

శిబిరాలు ఎక్కడివి?

అందరూ ఎన్.ఎస్.ఎస్. అని పిలిచే జాతీయ సేవా పథకం గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, దేశంలోని 37 విశ్వవిద్యాలయాలలో మొదలయింది. అప్పటి కేంద్ర విద్యామంత్రి డాక్టర్ వి.కె.ఆర్.వి. రావు. ఈ పథకంలో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. దత్తత తీసుకున్న గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం జరపాలి. ఇది గాక, మన రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి డిగ్రీ చదువులో 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును చేర్చింది. సర్వే కాగితాలు పట్టుకుని విద్యార్థులు గడప గడపకూ తిరగడం అప్పటినుంచి మరీ ఎక్కువయింది.

ఇవి ప్రభుత్వం తరపున జరిగేవి. వీటికి ముందు నుంచీ మత సంస్థల సేవ ఉన్నది. వివేకానందస్వామి 1897లో స్థాపించిన రామకృష్ణ మిషన్ పేదవానిలోనే నారాయణుణ్ణి చూడమన్నది. కేథలిక్ విద్యార్థుల అఖిల భారత సమాఖ్య 1924లో మద్రాసులో పుట్టింది. కాలక్రమంలో అది ప్రార్థనలతో ఆగక, పేదరికానికి కారణాలు ఏమిటని విద్యార్థుల చేత అడిగించే దాకా వచ్చింది. పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థల విద్యార్థులు 2000 నుంచి దసరా రోజుల్లో చుట్టుపక్కల పల్లెలకు వెళ్లి ప్రసాదమూ బట్టలూ పంచే గ్రామసేవ మొదలుపెట్టారు. ఏ మతం వారైనా, తాము నమ్మిన దేవుని పేరు మీద కుర్రవాళ్లను పల్లెకు పంపుతున్నారు.

ఆపద వచ్చినప్పుడు ఈ సేవ విలువ ఎంతటిదో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు గాని, 1996 నవంబరు 6న కోనసీమను తుఫాను పెళ్లగించినప్పుడు గాని, అన్నం పొట్లం అందించిన చెయ్యి ఏ మతానిదని ఎవరూ అడగలేదు. ఆకలి వేళ ఆ ప్రశ్న రాదు. ఆలోచించవలసింది మామూలు రోజుల సంగతి. తుఫాను లేని నాడు కూడా ఊళ్లో కష్టం ఉంటుంది. అది కంటికి కనిపించదు. ఏడు రోజులకు వచ్చిన వారికి అసలే కనిపించదు.

చీపురు పట్టిన చేతులు

ఒక ఉదాహరణ చెప్పుకుందాం. శిబిరం అనగానే మొదటి కార్యక్రమం మురుగుకాలవల శుభ్రత. నలభై యాభై మంది పిల్లలు కలిసి ఒక్క పూటలో వీధి వీధంతా బాగు చేస్తారు. అభినందనీయమే. కాని మిగిలిన మూడువందల యాభై ఎనిమిది రోజులూ ఆ కాలవలో దిగేది ఎవరు? ఏ పేట వారు? వారికి నెల జీతం నెలకు అందుతున్నదా? చేతికి తొడుగు, కాలికి బూటు ఇస్తున్నారా? ఊళ్లో అన్ని కులాల వారూ ఉండగా ఆ పని కొన్ని ఇళ్ల వారి వంతే ఎందుకయింది? విద్యార్థి ఒక గంట చీపురు పడితే ఫొటో తీస్తారు. తరతరాలుగా చీపురు పట్టిన వారికి ఫొటో లేదు సరిగదా, ముగింపు సభలో కుర్చీ కూడా ఉండదు.

ఈ ప్రశ్నలు వేయడం నేర్పితే ఆ శిబిరం సార్థకమవుతుంది. చీపురు పట్టించి ఊరుకుంటే అది వ్యాయామం అవుతుంది.

మరొక ఉదాహరణ మన కళ్ల ముందటిది. 2024 సెప్టెంబరులో ఏలేరు పొంగి పిఠాపురం, గొల్లప్రోలు ప్రాంతాల్లో వరిచేలు నీట మునిగాయి. అటువంటప్పుడు బియ్యమూ దుప్పట్లూ పంచడం సేవ. మంచిదే, కావలసిందే. కాని మునిగిన చేను కౌలుకు చేస్తున్న రైతు సంగతి చూడండి. పెట్టుబడి అతనిది, అప్పు అతనిది, రెక్కల కష్టం అతనిది. నష్టపరిహారం జాబితాకు ఎక్కాలంటే మాత్రం కాగితం కావాలి. కౌలుదార్లకు గుర్తింపు ఇవ్వడానికి 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వచ్చాయి. 2019 చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావలసి రావడంతో, అడిగితే ఉన్న కౌలు కూడా పోతుందేమోనని ఎందరో వెనుకాడారు. ఇరవై మంది విద్యార్థులు వారం రోజులు కూర్చుని, ఊళ్లో కౌలు రైతులు ఎందరు, కార్డు ఉన్నవారు ఎందరు, లేనివారికి ఎందుకు లేదు అని రాసుకుని, ఆ కాగితం గ్రామసభ ముందూ తహసీల్దారు ముందూ పెడితే అది న్యాయం వైపు ఒక అడుగు. దుప్పటి పంచిన చేతితోనే ఆ దరఖాస్తు కూడా రాయవచ్చు. సామాజిక న్యాయం అని కాలేజీల్లో ఉపన్యాసాలు చెబుతున్నది దీన్ని గురించే గదా!

పిఠాపురం నేర్పిన పాఠం

దీనికి ఎక్కడికో వెళ్లి ఆదర్శాలు వెతుక్కోనక్కరలేదు. మన పిఠాపురం రాజావారి పేరు మీద కాకినాడలో నడుస్తున్న కాలేజి చరిత్రలోనే ఉన్నది.

1862లో మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ఆ కాలేజీకి 1919 వరకు సుమారు పదిహేనేళ్లు ప్రిన్సిపాలుగా ఉన్నారు. తరువాత 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. ఆయన బ్రహ్మసమాజీకుడు. దేవుడు ఒక్కడే, మనుషులంతా ఆయన బిడ్డలే అని నమ్మినవారు. నమ్మినది ఉపన్యాసంలో చెప్పి ఊరుకోలేదు. అంటరానివారని దూరంగా ఉంచిన కుటుంబాల పిల్లలను కాలేజీ బెంచీల మీద మిగిలిన వారి పక్కనే కూర్చోబెట్టారు. ఆడపిల్లలను కాలేజీలో చేర్చుకున్నారు. దిక్కులేని పిల్లలను తన ఇంట్లో పెట్టుకుని పెంచారు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహదూరు గారు ఆయన మాట మన్నించి, కాకినాడలో అనాథాశ్రమానికీ దళిత విద్యార్థుల వసతికీ ధనసహాయం చేశారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వెంకటరత్నం నాయుడు గారు గొప్పింటి పిల్లలను ఏడు రోజులు పేటకు తీసుకుపోయి చూపించి వెనక్కి తెచ్చుకోలేదు. పేట పిల్లవాణ్ణే కాలేజీకి తెచ్చారు. అతనితో కలిసి చదవడం, కలిసి ఉండడం మిగిలిన వారికి తప్పనిసరి చేశారు. పేదవాణ్ణి చూసి జాలిపడడం ఒక ఎత్తు, అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడం ఒక ఎత్తు. మొదటిది వారం రోజుల్లో అయిపోతుంది. రెండోదానికి ఇంట్లోనూ వీధిలోనూ మాట పడాలి. అందుకే ఆయన శిష్యుల్లో ఎందరో సంఘసంస్కరణలో దిగారు. పిఠాపురం దాపున చంద్రంపాలెంలో 1897లో పుట్టిన కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు అటువంటి శిష్యులలో ఒకరు.

మరొక వైపు మిషన్ ఆసుపత్రి ఉన్నది. కెనడా బాప్టిస్టు మిషన్ తరపున వచ్చిన డాక్టర్ జెస్సీ ఆలిన్ పిఠాపురంలో ఆడవాళ్లకూ పిల్లలకూ దశాబ్దాల తరబడి వైద్యం చేశారు. మగ డాక్టరు చెయ్యి చూడడానికి కూడా ఒప్పుకోని రోజుల్లో, పురుడు వచ్చిందంటే బతుకు మీద ఆశ వదులుకునే రోజుల్లో, ఆమె ఇక్కడి భాష నేర్చుకుని, ఇక్కడి ఎండకు అలవాటుపడి ఉండిపోయారు. ఆమెది ఒక మతం, మహారాజా వారిది ఒక నమ్మకం. అదే ఊళ్లో ఆధ్యాత్మిక పీఠం నడిపిన కవి ఉమర్ అలీషా గారిది ఇంకొక దారి. కుక్కుటేశ్వరుని పాదగయకు పితృకార్యాలకు వచ్చేవారు వస్తూనే ఉన్నారు. ఇన్ని నమ్మకాలు ఒక్క ఊళ్లో ఇమిడాయి.

నమ్మకమే లేని వారి మాట కూడా చెప్పాలి. అదే రాజావారి కాలేజీలో వృక్షశాస్త్రం బోధించిన గోరా గారు నాస్తికుడని 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆయన 1940లో కృష్ణాజిల్లా ముదునూరు పల్లెకు వెళ్లి నాస్తిక కేంద్రం పెట్టారు. అంటరానితనం పోవడానికి సహపంక్తి భోజనాలు జరిపారు. దేవుడు ఉన్నాడన్న వెంకటరత్నం నాయుడు గారూ, లేడన్న గోరా గారూ చివరకు చేసిన పని ఒక్కటే: పక్కపక్కన కూర్చోబెట్టడం. సేవకు దీన్ని మించిన కొలబద్ద దొరకదు.

మతం ఎంతవరకు?

దేవుని పేరు మీద సేవకు వచ్చే విద్యార్థులను చూసి కొందరు అనుమానపడుతున్నారు. అన్నం పెట్టి మతం అంటగడతారని ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు. ఇక్కడ నియమం స్పష్టంగా ఉండాలి. ఎవరి పూజ, ఎవరి ప్రార్థన వారు తమ బసలో చేసుకోవచ్చు. మందు బిళ్ల ఇచ్చేటప్పుడు, పుస్తకం పంచేటప్పుడు, పేరు రాసుకునేటప్పుడు మతం ఊసు రాకూడదు. ఈ నియమం గుడికీ, చర్చికీ, మసీదుకూ, మఠానికీ ఒక్కటే. ఒకరికి కట్టి ఇంకొకరికి సడలించకూడదు.

అయితే మతం చేయగల మేలు కూడా ఒకటి ఉన్నది. మార్కుల కోసం వచ్చిన కుర్రవాడు మార్కులు పడగానే వెళ్లిపోతాడు. ఇది నా ధర్మం అని వచ్చినవాడు మళ్లీ రావచ్చు. ఆ ధర్మం నిజమైనదైతే శిబిరం వంట ఎక్కడ జరుగుతున్నది, బంతి ఎక్కడ వేస్తున్నారు అన్న విషయంలోనే తెలిసిపోతుంది. దళితపేటలో సర్వే చేసి, భోజనానికి మాత్రం పై వీధికి పోయే శిబిరం ఎంత భక్తితో ప్రార్థన చేసినా ప్రయోజనం లేదు.

అసలు రాకూడదా?

ఈ శిబిరాల వల్ల ప్రయోజనం లేదు, మానేయడమే మేలు అనేవారు లేకపోలేదు. ఇవాన్ ఇలిచ్ అనే కేథలిక్ మతాచార్యుడు 1968లో మెక్సికోలో, అక్కడి పల్లెల్లో సేవ చేయడానికి సిద్ధమైన అమెరికా విద్యార్థుల ముందే నిలబడి, మీరు సహాయానికని రావద్దు, చూడడానికి, నేర్చుకోవడానికి అయితే రండి అని అర్థం వచ్చేటట్లు కటువుగా చెప్పాడు. భాష రాదు, ఊరి సంగతి తెలియదు, ఎవరికి ఏమి కావాలో అడగలేదు, పైగా ఉద్ధరిస్తామని వస్తున్నారు అన్నది ఆయన కోపం.

అందులో నిజం ఉన్నది. కాని మన విద్యార్థుల విషయంలో అంత దూరం పోనక్కరలేదు. వాళ్లు పరాయి దేశం వాళ్లు కారు. మాట తెలిసినవాళ్లు. వారిలో సగం మంది తాతలు పల్లెల్లోనే ఉన్నారు. రేపు వీళ్లే తహసీల్దార్లు, ఇంజనీర్లు, డాక్టర్లు, బ్యాంకు మేనేజర్లు అవుతారు. వానాకాలంలో శవాన్ని మోసుకుని శ్మశానానికి పోయే పుంతదారిలో మోకాలి లోతు బురద ఉంటుందని ఒక్కసారి అయినా కాళ్లతో తెలుసుకున్న ఇంజనీరు, తెలుసుకోని ఇంజనీరు ఒకటి కారు. కనుక రావాలి. ఉద్ధరించడానికని కాక, నేర్చుకోవడానికని రావాలి.

దత్తత అన్న మాటను గురించి కూడా ఒక ముక్క. ఊరిని దత్తత తీసుకున్నామని కాలేజీలు బేనరు కడుతున్నాయి. దత్తత వెళ్లడానికి ఊరు తల్లీతండ్రీ లేని బిడ్డ కాదు. ఏడు రోజులు నీళ్లు తోడి ఇచ్చి, జ్వరం వస్తే కషాయం కాచి ఇచ్చి, రాత్రిళ్లు కాపలా పడుకునేది ఊరివాళ్లే. నిజం చెప్పాలంటే ఊరే ఆ పిల్లలను దత్తత తీసుకుంటున్నది.

ఊరి తరపున కోరవలసినవి

కాలేజీల యాజమాన్యాలను, మత సంస్థలను పంచాయతీలు ఈ విషయాలు అడగాలి.

మొదటిది, శిబిరానికి నెల రోజుల ముందే అధ్యాపకులు, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు వచ్చి ఊరివారితో కూర్చోవాలి. సర్పంచి గారి అరుగు మీద కాక, అన్ని పేటల వారూ, ఆడవాళ్లూ వచ్చే చోట కూర్చోవాలి. చేయవలసిన పని ఏదో ఊరు చెప్పాలి. పది పనులు పెట్టుకోవడం కంటే ఒక్కటి పూర్తి చేయడం మేలు.

రెండవది, బసా భోజనమూ అన్ని వీధుల్లోనూ వంతుల ప్రకారం జరగాలి. కనీసం ఒక్క రాత్రి ప్రతి విద్యార్థీ దళితపేటలో గాని, మత్స్యకారుల పల్లెలో గాని, చేనేతవారి ఇంట గాని గడపాలి. ఉప్పాడ చీర పేరు దేశమంతా తెలుసు. ఆ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న వానికి రోజుకు ఎంత గిడుతుందో చాలామంది విద్యార్థులకు తెలియదు. సముద్రం కోసివేసిన ఇంటి గోడ పక్కన ఒక రాత్రి పడుకుంటే ఉప్పాడ తీరం సంగతి పాఠ్యపుస్తకం కంటే బాగా బోధపడుతుంది.

మూడవది, సర్వే చేస్తే దాని ఫలితం తెలుగులో రాసి గ్రామసభలో చదివి వినిపించాలి. ఒక ప్రతి పంచాయతీలో ఉంచాలి. ఆదాయమెంత, అప్పెంత, మరుగుదొడ్డి ఉన్నదా, పిల్లలు ఎందరు అని ఇల్లాలిని అడిగి రాసుకుపోయిన కాగితాలు కాలేజీ బీరువాలో మగ్గిపోతే అది ఆమెకు మర్యాద కాదు. మరుసటి ఏడు ఇంకొక బృందం వచ్చి అవే ప్రశ్నలు అడుగుతుంటే ఆమె విసుక్కోవడంలో తప్పు లేదు.

నాలుగవది, అదే ఊరికి మూడేళ్లపాటు రావాలి. శిబిరం ముగిసినా నెలకు ఒకసారి ఇద్దరు విద్యార్థులు వచ్చి, ఎత్తుకున్న పని ఎంతవరకు వచ్చిందో చూడాలి. దరఖాస్తు పెట్టి, జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగడం ఊరి కుర్రవాళ్లకు నేర్పాలి. రెండేళ్లలో 240 గంటలు అన్న లెక్కకు ఇది ఏమీ భారం కాదు.

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఊరికి వచ్చిన వారు ఊరి పిల్లలను కూడా తమ కాలేజీకి తీసుకుపోవాలి. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలకు రెండు రోజులు కాలేజీ చూపించాలి. లేబరేటరీ, లైబ్రరీ, హాస్టలు చూపించాలి. చదువు మానేసిన పిల్ల ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడాలి. అడ్మిషను ఫారం, స్కాలర్‌షిప్పు ఫారం దగ్గరుండి నింపించాలి. ఒక శిబిరం వల్ల ఒక్క పేట నుంచి ఒక్క ఆడపిల్ల డిగ్రీలో చేరినా, ఆ ఊరు నాలుగు కాలాల పాటు చెప్పుకుంటుంది. వెంకటరత్నం నాయుడు గారు వేసిన దారి ఇదే.

మన బాధ్యత

ఇన్ని కోరినప్పుడు మన వంతు కూడా ఉన్నది. శిబిరం వస్తున్నదంటే పంచాయతీ చేయవలసిన పూడికతీత ఆపి, పిల్లలు వచ్చి తీస్తారులే అని ఊరుకునే అలవాటు మానాలి. వాళ్లు కూలి లేని కూలివాళ్లు కారు. ఊళ్లో రెండు గ్లాసుల పద్ధతి ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని దాచి, మా ఊళ్లో అందరం ఒక్కటే అని సభలో చెప్పడం వల్ల పరువు నిలబడదు. నిజం చెబితేనే నేర్చుకోవడానికి వచ్చిన వారు నేర్చుకుంటారు. ముగింపు సభలో వేదిక మీద పెద్దలతో పాటు పారిశుద్ధ్య కార్మికురాలికి, కౌలు రైతుకు ఒక్కొక్క కుర్చీ వేయడానికి ఖర్చేమీ కాదు.

శిబిరాల రోజులు ఏటా వస్తాయి. ఈసారి మీ ఊరికి కాలేజీ నుంచి ఉత్తరం వస్తే, ఎక్కడ బస ఇవ్వాలి, ఎవరిని అధ్యక్షులుగా పిలవాలి అన్న చర్చకు ముందు, మీరు మళ్లీ ఎప్పుడు వస్తారు, మా పిల్లలను మీ దగ్గరకు ఎప్పుడు తీసుకుపోతారు అని రెండు మాటలు రాసి జవాబు పంపండి. ఆ జవాబు చూసి కూడా వస్తామన్న వారిని రెండు చేతులా ఆహ్వానిద్దాం. వారు ఏ దేవుని పేరు చెప్పినా, ఏ దేవుని పేరూ చెప్పకపోయినా ఫరవాలేదు.